సమస్యాపూరణం: “లేని గుఱ్ఱమునకు జీను కొనెను”

తాళపత్రం (నిర్వాహకుడు):
ఈ వారం సమస్య కోసం తడుముకునే పని పడలేదు. మా ఇంట్లోనే పుట్టింది. మంగళవారం మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి ఫోనులో బ్యాంకు మెసేజి: 449 రూపాయలు కట్ అయ్యాయట. ఎవడో దొంగవెధవ చేతిలో పడ్డానని టెన్షన్ పడి కార్డు బ్లాక్ చేయించబోతుంటే, మా మనుమడు సోఫాలోంచి తలెత్తకుండానే “నేనే తాతా, జీను కొన్నా” అన్నాడు. కార్డు నంబరు వాళ్ళ ఆటలో ఎప్పుడో ఎక్కించి ఉందట. నేను నిద్రపోతుంటే నా ఫోనుకు వచ్చిన ఓటీపీ చూసి కొట్టేశాడు.

ఎక్కడి జీనురా అంటే ఆటలో గుర్రానికి బంగారు జీను అట. సరే, ఆ గుర్రాన్నైనా చూపించమన్నాను. “గుర్రం ఇంకా రాలేదు తాతా, 30వ లెవెల్లో ఇస్తారు. జీను ఆఫర్లో ఉందని ముందే కొనేశా.” వాడు ప్రస్తుతం 11వ లెవెల్లో ఉన్నాడు. తిడదామని నోరు తెరిస్తే పాదం ఊడిపడింది:

లేని గుఱ్ఱమునకు జీను కొనెను

ఇది ఆటవెలది నాలుగో పాదం. పై మూడు పాదాలూ మీవి. గడువు ఆదివారం రాత్రి. పెళ్ళి గుర్రాలూ చదరంగం గుర్రాలూ వద్దనను గానీ, ఈ ఆటల కొట్టు మీద రాసినవారి వైపే నా మొగ్గు.

కొత్తచిగురు:
మాస్టారూ, పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు కుదరాలి కదా, ఈ లే–జీ యతి కుదిరినట్టు లేదే?

మానేరు:
రెండో అక్షరాలు చూడు తమ్ముడూ.

కొత్తచిగురు:
ని–ను. అయ్యో, రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి. చూసుకోలేదు, మన్నించాలి.

మానేరు:
బోణీ నాదే.

ఆటలోన దొరకు నందాల తురగమ్ము
తాకరాదు దాని, తట్టరాదు;
తాత కార్డు గీకి తనయుని తనయుండు
లేని గుఱ్ఱమునకు జీను కొనెను.

సన్నజాజి:
“తనయుని తనయుండు” అనేసరికి తాత జేబుకు చిల్లి పడింది ఎన్నో తరంలోనో తేలిపోయింది. బాగుంది అన్నయ్యా.

గోదారి గట్టు:
రెండో పాదం నాకూ నచ్చింది. గుర్రాన్ని చూస్తే ముందు మెడ మీద తట్టబుద్ధవుతుంది, అదే లేదన్నారు. కాని మూడో పాదంలో కార్డు గీకిందెవరు? మాస్టారు స్పష్టంగా చెప్పారు, ఓటీపీ కొట్టాడని. సమస్య ఇంత వాస్తవంగా పుట్టినప్పుడు పూరణలో ఈ పాత కాలపు గీకుడు ఎందుకు?

మానేరు:
ఓటీపీ మగణం, మూడూ గురువులే గోదారి గారూ. ఆటవెలదిలో దానికి ఎక్కడ చోటిమ్మంటారు?

సన్నజాజి:
ఈ ఒక్క మాటకే ఈ వారం బహుమతి ఇచ్చేయొచ్చు.

గోదారి గట్టు:
తొందరపడకండమ్మా. విడగొట్టి రెండు ఇంద్రగణాల్లో పంచితే పడుతుంది. ఇదిగో మూడో పాదం: “తాత ఫోను తెఱచి తటుకునోటీపీని”. యతి కూడా ఉంది. చూసుకోండి.

మానేరు:
పట్టింది, కాదనను. ఇంతకీ ఆ ఓటీపీని వాడు ఏం చేశాడు? తరువాతి పాదం మాస్టారిది, అందులో జీను కొనడమే ఉంది. కొట్టాడా, నమిలాడా? క్రియ ఎక్కడండీ?

గోదారి గట్టు:
అది పాదం మాత్రమే, పద్యం కాదు. నా పద్యం ఇదీ:

రౌతు తాను కాడు, రాజ్యంబు లేదాయె,
గడ్డి గాదె లేదు, గడప లేదు;
సంతలోన జూచి చౌకంచు మురియుచు
లేని గుఱ్ఱమునకు జీను కొనెను.

కొత్తచిగురు:
గురువు గారూ, తెలిసి రాశారో తెలియక రాశారో గాని ఇది అచ్చంగా స్టీమ్ అనే ఆటల కొట్టు వేసవి సేలు మీద పద్యం. చౌక అని కొని ఇంతవరకూ తెరవని ఆటలు నా దగ్గరే 40 దాకా ఉన్నాయి. వాటికి అదనపు భాగాలు కూడా కొన్నాను. గడ్డి, గాదె, గడప అన్నీ సరిపోయాయి.

మానేరు:
బాగుంది. ఎవరు కొన్నారో చెబితే ఇంకా బాగుండేది. కర్త లేడు. రౌతు కాదట, రాజు కాదట. మరి ఎవరు? మీనాక్షిని పిలవమంటారా?

డాలస్ పంతులు:
మీనాక్షి ఎవరండీ? నేను ఒక నెల లేను ఇక్కడ.

మానేరు:
పోయిన నెల సమస్య “చేప చెట్టునెక్కి చింత కోసె”. మేమందరం వరదలనీ, కొంగ నోట్లోంచి జారి కొమ్మన పడ్డదనీ నానా తంటాలు పడ్డాం. మన గోదారి గారు మీనాక్షి అనే అమ్మాయిని తెచ్చి, మీనం అంటే చేపే గదా అని చింతచెట్టెక్కించి చేతులు దులుపుకున్నారు. ఓట్లు కూడా పడ్డాయి. లోకం తీరు!

గోదారి గట్టు:
ఏడు ఓట్లు. మీకెన్ని పడ్డాయో నేను చెప్పను.

తాళపత్రం:
పాత చేపల పులుసు మళ్ళీ మళ్ళీ కాచకండి. గుర్రం దగ్గరికి రండి.

కొత్తచిగురు:
గుర్రం మాట వచ్చింది కాబట్టి చెబుతాను. మీ మనుమడిని తిట్టకండి మాస్టారూ, ఈ బేరానికి పెద్ద చరిత్ర ఉంది. 2006 ఏప్రిల్లో బెథెస్డా కంపెనీ వాళ్ళు ఒబ్లివియన్ అనే ఆటకు విడిగా గుర్రపు కవచం అమ్మారు. ఎక్స్‌బాక్స్ మీద రెండున్నర డాలర్లు. ఆట డబ్బు పెట్టి కొన్నాక గుర్రానికి మళ్ళీ డబ్బా అని జనం ఎంత ఎగతాళి చేశారంటే, ఇప్పటికీ “గుర్రపు కవచం” అంటే పనికిమాలిన అదనపు కొనుగోలు అనే అర్థం. ఎగతాళి చేస్తూనే కొన్నారు, అది వేరే సంగతి. 2009 ఏప్రిల్ 1న వాళ్ళే మిగతావన్నీ సగం ధరకు ఇచ్చి, కవచం మాత్రం రెట్టింపు చేసి జోకేశారు. 2025లో ఆ ఆటను కొత్త మెరుగులతో మళ్ళీ విడుదల చేసినప్పుడు ఎక్కువ ధర ప్యాకులో మళ్ళీ గుర్రపు కవచం పెట్టారు.

అందుకని చిన్న మనవి. జీను కాదు, కవచం.

తాళపత్రం:
మావాడు కొన్నది జీనే. బిల్లు నా దగ్గరుంది.

సన్నజాజి:
చిగురూ, 2006 అంటున్నావు గాని దీని మూలం ఆదిపర్వంలో ఉంది.

తోక కంటుకొన్న తొడుగె పన్నగమయ్యె,
వినత యోడె నాఁడు వింత గనక;
నేఁటి వినత యేమొ నెట్టింటి సంతలో
లేని గుఱ్ఱమునకు జీను కొనెను.

తాళపత్రం:
అమ్మా! పందెంలో వినతను దాసిని చేసుకోవడానికి, తెల్లని దేవతాశ్వం ఉచ్చైఃశ్రవానికి పాముల చేత నల్లతోక తొడిగించిన కద్రువ! ఆటల్లో స్కిన్ అని పైతొడుగు అమ్ముతారే, మొట్టమొదటిది అదే. ఎన్నిసార్లు పాఠం చెప్పానో, ఎప్పుడూ తట్టలేదు.

గోదారి గట్టు:
ఇదీ పూరణంటే. పురాణం పురాణంగా ఉంది, అంగడి అంగడిగా ఉంది. తాతనూ మనుమణ్ణీ ఉన్నదున్నట్టు పద్యంలో దింపడం వేరు, ఇలా ఊహ చేయడం వేరు. ఎవరినీ ఉద్దేశించి అనడం లేదు.

మానేరు:
అమ్మ పద్యానికి నా నమస్కారం కూడా. మీది పొగడ్తలా లేదు, మా వాకిట్లో ముగ్గు చెరిపినట్టుంది. ఒక్క సందేహం సన్నజాజి గారూ: వినత తొడుగు కొనలేదు, తొడుగు చూసి మోసపోయింది.

సన్నజాజి:
కొనలేదా? దాస్యం చేసి మరీ వెల కట్టింది. ఆ వెల తీర్చడానికి కొడుకు గరుత్మంతుడు అమృతం తేవలసివచ్చింది. 449 రూపాయలు నయం.

డాలస్ పంతులు:
మా ఇంట్లో గొడవ జీనుతో కాదు, ఆటల్లో అమ్మే పెట్టెలతో. ఏముందో తెలియని పెట్టెకు ముందే డబ్బు కట్టాలి, తెరిస్తే పనికిరాని గాజుపూస. మా చిన్నాడు పుట్టినరోజు డబ్బంతా వాటికే తగలేశాడు.

పెట్టె దెఱచి చూడఁ బిడికెఁడు ధూళియే
మూట లోనిదేదొ ముందు తెలియదు;
పాచికలను మఱచి పాండవాగ్రజుఁ డిందు
లేని గుఱ్ఱమునకు జీను కొనెను.

మానేరు:
ధర్మరాజును దింపడం భేష్. రెండో పాదం చివర “తెలియదు” నాలుగు లఘువులు. ఒక లఘువు ఎక్కువైంది పంతులు గారూ.

సన్నజాజి:
మొదటి పాదంలో పెట్టె, రెండో పాదంలో మూట. యతి కోసం మూట కట్టారా?

డాలస్ పంతులు:
దొరికిపోయాను. పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా రాశాను.

గోదారి గట్టు:
“ముందు గనము” అనండి, సరిపోతుంది. ఎవరైనా తప్పు పట్టగలరు, దిద్దేవాళ్ళే తక్కువ.

కొత్తచిగురు:
పంతులు గారు పాచికలన్నది ఊరికే కాదు. 2018లో బెల్జియం జూద నియంత్రణ సంఘం ఈ పెట్టెలు జూదమేనని తేల్చింది. అంతకుముందు ఏడాది నవంబరులో స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2 గొడవ జరిగింది. పేరున్న పాత్రలు కావాలంటే గంటలకొద్దీ ఆడాలి. ఇదేమిటని అడిగితే కంపెనీ వాళ్ళు రెడిట్ అనే చర్చావేదికలో ఇచ్చిన జవాబుకు 6 లక్షలకు పైగా వ్యతిరేక ఓట్లు పడ్డాయి. శ్రమించి సాధించుకున్న గర్వం ఆటగాడికి దక్కాలనే అలా పెట్టామని ఆ జవాబు సారాంశం.

మానేరు:
6 లక్షలా! గోదారి గారి ఏడు గుర్తొచ్చాయి.

కొత్తచిగురు:
నేనూ ఒకటి రాశాను. తిట్టినా ఫర్వాలేదు. 2012లో క్యాప్‌కామ్ వాళ్ళ కొట్లాట ఆట ఒకటి వచ్చింది, స్ట్రీట్ ఫైటర్ క్రాస్ టెక్కెన్. తరువాత డబ్బుకు అమ్మబోయే 12 మంది యోధులు ముందే డిస్కులో ఉన్నారు, తాళం వేసి ఉన్నారంతే. డిస్కు కొన్నవాడి ఇంట్లోనే ఉన్న సరుకుకు మళ్ళీ వెల.

ఇల్లు కొన్నవాని కింకొక తాళము,
గదికి వేఱు వేఱు కప్ప మనిరి;
ఉన్న గుఱ్ఱమునకు నొకసారి వెలయిచ్చి
లేని గుఱ్ఱమునకు జీను కొనెను.

తాళపత్రం:
“ఉన్న గుఱ్ఱమునకు, లేని గుఱ్ఱమునకు”. సమస్యలోని మాటనే ఎదురు నిలబెట్టావు. శభాష్ నాయనా.

గోదారి గట్టు:
అంతకంటే రెండో పాదం చూడండి మాస్టారూ. ఇల్లు, తాళం, గది, ఆ వెంటనే “కప్ప”! తాళం కప్పా, కట్టాల్సిన కప్పమూ ఒక్క మాటలో. ఎంత శ్లేష!

మానేరు:
శ్లేష కాదు. తాళం కప్ప అయితే “కప్ప యనిరి” కావాలి. “కప్ప మనిరి” అన్నాక కప్పం ఒక్కటే. రెండో అర్థం ధ్వని మాత్రమే.

గోదారి గట్టు:
ధ్వనైతే ఇంకా గొప్ప. మీకు శ్లేష అంటే ఎందుకంత కినుక? మీనాక్షి నాటి నుంచీ చూస్తున్నా.

మానేరు:
మీనాక్షిది శ్లేష కూడా కాదు, దౌర్జన్యం.

కొత్తచిగురు:
పెద్దలు ఏమీ అనుకోవద్దు. కప్పం అంటే రాజుకు కట్టే కప్పం అనే రాశాను. తాళం కప్ప అనే మాట ఇప్పుడే వింటున్నాను. మా ఇంట్లో తాళమే అంటారు. కప్ప అంటే నాకు బెకబెకలాడే కప్పే.

సన్నజాజి:
నవ్వలేక చస్తున్నాను. ఇద్దరు పెద్దమనుషులు లేని శ్లేషకు జీను కట్టారు.

మానేరు:
సరే, ఇది నా రెండోది. విరుపు చూసి మాట్లాడండి.

కొన్నదెల్ల నీది కొన్నాళ్ళ వఱకని
తెలియలేక వెఱ్ఱి తెలుఁగు రౌతు
ఆట మూతపడఁగ నడుగైనఁ గదలంగ
లేని గుఱ్ఱమునకు జీను కొనెను.

తాళపత్రం:
“కదలంగలేని గుఱ్ఱము”! లేని గుర్రాన్ని కదలలేని గుర్రం చేశారు. ఈ విరుపు కోసమే ఎదురుచూస్తున్నాను.

కొత్తచిగురు:
అన్నా, ఇది ద క్రూ కథే. 2014లో వచ్చిన ఆట. 2024 మార్చి 31న ఆ ఆట కంపెనీ యూబీసాఫ్ట్ సర్వర్లు ఆపేసింది, కొన్నవాళ్ళు కూడా ఇక ఆడలేరు. ఆట ఒంటరిగా ఆడినా సర్వరు కావాల్సిందే మరి. ఆటలను చంపొద్దని యూరప్‌లో మొదలైన సంతకాల ఉద్యమానికి ఊపిరి పోసింది అదే, 10 లక్షలు దాటాయి సంతకాలు. కాలిఫోర్నియాలో ఇప్పుడు కొట్టువాడు ముందే చెప్పాలి, నువ్వు కొంటున్నది వస్తువు కాదు, వాడుకునే అనుమతి అని.

డాలస్ పంతులు:
కాని ద క్రూ కార్ల ఆట కదా, గుర్రమెక్కడిది?

మానేరు:
అశ్వశక్తి లేకుండా కారు నడుస్తుందా?

గోదారి గట్టు:
విరుపు అద్భుతం, ఒప్పుకుంటున్నా. పాదాంతంలో సంధి చేయకుండా వదిలిన “రౌతు ఆట” విసంధిని కూడా చూడనట్టు వదిలేస్తా. కాని “మూతపడఁగ” అంటే మూతపడుతుండగా కొన్నాడనేగా? చిగురూ, సర్వర్లు ఆపే నాటికి ఆ ఆట అమ్మకంలో ఉందా?

కొత్తచిగురు:
లేదు. 2023 డిసెంబరులోనే కొట్లోంచి తీసేశారు.

గోదారి గట్టు:
మరి? కొట్టు మూసేశాక జీను ఎవడమ్మాడు? “పడఁగ” తీసి “పడిన” అనండి. “ఆట మూతపడిన నడుగైనఁ గదలంగ లేని గుఱ్ఱము.” మూతపడితే కదలదు. కొన్నది మాత్రం ముందే. గణం చెడదు, యతి చెడదు.

మానేరు:
…ఒక్క అక్షరం. సరే, దిద్దుకున్నాను. ఈ లెక్కన మీనాక్షి అప్పు సగం తీరింది.

గోదారి గట్టు:
సగమేనా?

తాళపత్రం:
ఆదివారం రాత్రి తొమ్మిదిన్నర. గడువు అయింది. చిగురుకూ సన్నజాజమ్మకూ చెరి సగం. మానేరు గారి విరుపుకు విడిగా ఒక శాలువా, అది కూడా ఆటలో శాలువాలాంటిదే, కప్పలేను.

మనుమడి సంగతి చెప్పి ముగిస్తాను. నాలుగు రోజులు అన్నం కూడా ఫోను ముందే తిని ఇందాక 30వ లెవెల్ ఎక్కాడు. గుర్రం వచ్చింది. నేనూ కళ్ళజోడు పెట్టుకుని చూశాను, చామనఛాయ గుర్రం, ముద్దుగానే ఉంది. తీరా చూస్తే బంగారు జీను దీనికి పట్టదట. అది యుద్ధాశ్వానిదట, ఆ గుర్రం 899 రూపాయలట. వాడు దిగాలుగా “గుర్రమొచ్చె గాని కూర్చోను రాలేదు” అన్నాడు. వాడికి తెలియదు గాని అది ఆటవెలది మొదటి పాదం, యతితో సహా. మిగతా మూడు పాదాలు మీరు పూరించండి. వచ్చే వారం సమస్య అదే.

మానేరు:
కూర్చోను ఎందుకు రాలేదు మాస్టారూ? అప్పటికే మీనాక్షి ఎక్కి కూర్చుందా?