పెరటి టమాటా తొక్కు: ఎండలో పెట్టాలా, పొయ్యి మీద చేయాలా? ఉప్పు తగ్గించవచ్చా?

నల్లగొండ పెరడు
ఈసారి మా పెరట్లో టమాటా, మిరప రెండూ విరగకాశాయి. పప్పులో, చారులో ఎంతని వేస్తాం? 2023 జులైలో కిలో ధర వంద దాటినప్పుడు పడిన అవస్థ ఇంకా గుర్తుంది, అందుకే ఏడాదికి సరిపడా తొక్కు పెట్టాలనుకుంటున్నాను. ముక్కలు ఉప్పులో ఊరబెట్టి ఎండబెట్టకపోతే నిలవదని మా అత్తయ్య అంటున్నారు. నాకేమో పొయ్యి మీద మగ్గించడమే సులువు. పైగా మామయ్యకు బీపీ. ఉప్పు, చింతపండు సగానికి తగ్గిస్తే ఏమవుతుంది?

వనపర్తి పల్లీచేను
మీ అత్తయ్య మాటే సరైనది చెల్లీ. కిలో పండ్లకు వంద గ్రాముల ఉప్పు, కాస్త పసుపు కలిపి జాడీలో పెట్టండి. మూడో రోజు ముక్కలను పిండి ఎండలో పరవండి. ఆ ఊటలో చింతపండు నానవేసి, దాన్నీ పక్కనే ఎండకు పెట్టండి. ముక్క అంచులు ముడుచుకోవాలి, వేలితో నొక్కితే తడి అంటకూడదు, వంచితే విరగకుండా సాగాలి. అప్పుడు కారం, మెంతిపొడి వేసి దంచి, పల్లీ నూనెలో వెల్లుల్లి పోపు పెట్టండి. జొన్న రొట్టెలోకి ఆ తొక్కు ఉంటే ఇంకో కూర అడగరు. మగ్గించినదానికి కూర రుచే వస్తుంది, ఆ ఊరిన పులుపు రాదు.

మిర్యాలగూడ వంటిల్లు
రుచి గురించి వాదించను అక్కా. ఎండ తగలకపోతే నిలవదన్న మాట మాత్రం ఒప్పుకోలేను. టమాటాలో నూటికి 94 పాళ్లు నీరే. ఆ నీరు ఎండకు పోయినా, మంటకు పోయినా జరిగే పని ఒకటే. ముక్కలు సగానికి దగ్గరపడితే అదే ఉప్పు రెట్టింపు గాఢతతో పనిచేస్తుంది.

మన పెరటి టమాటా కాసే కాలం కూడా చూడండి. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే పూత రాలి, పిందె నిలవదు. కాబట్టి కాపు ఎక్కువగా చలికాలంలోనే. పొద్దున మంచు, సాయంత్రం త్వరగా వాలిపోయే పొద్దు. రెండు రోజుల్లో ఎండాల్సిన ముక్కలు నాలుగైదు రోజులు పచ్చిగానే ఉండి బూజు పడతాయి. ఆవకాయకు దొరికే మే నెల ఎండ టమాటాకు దొరకదు.

ఇక ఉప్పు, చింతపండు. దయచేసి వాటిని తగ్గించి జాడీలో నిల్వ పెట్టకండి. టమాటా పీహెచ్ 4.3 నుంచి 4.9 దాకా ఉంటుంది. అంకె ఎంత తగ్గితే పులుపు అంత ఎక్కువ. 4.6 దాటితే బొటులినం అనే క్రిమి పెరిగి, ప్రాణం తీసే విషాన్ని తయారుచేయగలదు. అంటే కొన్ని టమాటాలు గీతకు ఇవతల ఉంటే కొన్ని అవతల ఉంటాయి. అన్నింటినీ ఇవతలికి లాగేది చింతపండు. పచ్చి మిరప, పండుమిర్చి అయితే 5కు అటూ ఇటూ, వాటికి చింతపండు అవసరం ఇంకా ఎక్కువ. పైన నూనె తేలితే చాలని చాలామంది ధీమా. నూనె గాలిని అడ్డుకుని బూజును ఆపుతుంది, నిజమే. కానీ ఈ క్రిమి గాలి లేని చోటే పెరుగుతుంది. ఉప్పు, పులుపు లేని ముద్ద మీద నూనె పోసి మూత బిగించడమంటే దానికి చోటు చూపించడమే.

అచ్చంపేట అన్న
ఇంత శ్రమ ఎందుకు? కడిగి, తుడిచి, పండ్లకు పండ్లే ఫ్రీజర్‌లో పెట్టండి. బయటికి తీసి నీళ్లలో వేస్తే తొక్క దానంతటదే ఊడివస్తుంది. పప్పుకు, చారుకు బాగుంటుంది. ఉప్పు గొడవే ఉండదు.

వనపర్తి పల్లీచేను
కరెంటు పోయి అన్నీ కరిగితే ఏం చేస్తారు అన్నా? జాడీకి కరెంటుతో పని లేదు. చలికాలపు ఎండ సంగతి నిజమే, అందుకే మేము ముక్కలు సన్నగా కోసి, మంచు పడకముందే లోపలికి తెస్తాం. పైన కాస్త బూజు కనిపిస్తే తీసేసి, మిగతాది నూనెలో వేయిస్తాం కూడా.

మిర్యాలగూడ వంటిల్లు
అది మాత్రం వద్దక్కా. బూజు పులుపును తినేస్తుంది. అది పెరిగిన చోట పీహెచ్ పైకి పోతుంది. పైపొర తీసినా అడుగున ఏమైందో కంటికి కనిపించదు. ఆ జాడీ పారేయాల్సిందే, ఎంత కష్టపడి పెట్టినదైనా.

మామయ్యగారి లెక్క చెబుతాను. వంద గ్రాముల ఉప్పు వేసిన కిలో టమాటాలు మగ్గి, చింతపండు, కారం, నూనె కలిశాక దాదాపు కిలో తొక్కు అవుతుంది. 15 గ్రాముల చెంచాడు తింటే గ్రామున్నర ఉప్పు. రోజుకు 5 గ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి జాడీలో తగ్గించకండి, ఆయన కంచంలో తగ్గించండి. లేదా ఆయన కోసం ఉప్పు తక్కువగా విడిగా చేసి, ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లో ముగించండి.

నల్లగొండ పెరడు
అయితే అత్తయ్యకు కొన్ని ఎండబెడతాను, మిగతావి పొయ్యి మీద మగ్గిస్తాను. మామయ్యకు విడిగానే. పండుమిర్చిని తొడిమలు తీసి కడగాలా, కడిగి తీయాలా?

వనపర్తి పల్లీచేను
తొడిమతోనే కడుగు. ముందే తీస్తే లోపలికి నీరు దిగుతుంది. బట్టతో తుడిచి, నీడన ఆరబెట్టి, తడి పూర్తిగా పోయాకే తొడిమ తియ్యి. చింతపండు గింజలు, ఈనెలు ఏరడం మరవకు.