ఐపీఎల్ తప్ప తెలియని పిల్లాడికి 2025 ఇంగ్లండ్ టెస్టులు ఎక్కడి నుంచి చూపించాలి?

తెనాలి జిరాక్స్:
అందరికీ నమస్కారం. మాది తెనాలి, కాలేజీ దగ్గర జిరాక్స్ షాపు. మావాడికి ఆరో తరగతి పరీక్షలు అయిపోయాయి. క్రికెట్ అంటే ప్రాణం పెడతాడు. కానీ వాడికి తెలిసిన క్రికెట్ రాత్రి ఏడున్నరకి మొదలై పడుకునే వేళకి అయిపోయేదే. ఐదు రోజులు ఆడి డ్రా అయితే మరి ఎవరు గెలిచినట్టు నాన్నా అంటాడు. వాడి తప్పేం లేదు, నేను పక్కన కూర్చోబెట్టుకుని చూపించలేదు.

ఈ సెలవుల్లో ఆ లోటు తీరుద్దామనుకుంటున్నా. 2025 వేసవిలో మనవాళ్లు ఇంగ్లండ్‌లో ఆడిన ఐదు టెస్టులూ రోజూ కాసేపు ఇద్దరం కలిసి చూడాలని.

ఇందులో నాకోసం కూడా కొంత ఉంది. సిరీస్‌లో చివరిదైన ఓవల్ టెస్టు ఆఖరి రోజు ఆగస్టు 4, సోమవారం. మనకి మధ్యాహ్నం మూడున్నర. అడ్మిషన్ల రోజులు, షాపు వదిలి కదల్లేను. ఏ4 కట్టకి ఫోన్ ఆనించి పెట్టుకున్నా. వాళ్లకి 35 పరుగులు కావాలి, మనకి 4 వికెట్లు. తొమ్మిదో వికెట్ పడింది, వాళ్ల ఆఖరి బ్యాటర్ వోక్స్ ఎడమ చెయ్యి స్వెటర్ లోపల కట్టుకుని మెట్లు దిగుతున్నాడు, ఇంకా 17 కావాలి. సరిగ్గా అప్పుడే ఒక తల్లీ కూతురూ వచ్చారు. సర్టిఫికెట్లు, పది సెట్లు. బస్సుకి టైమైపోయిందని ఆ తల్లి మొహంలో కంగారు. ఆగండమ్మా అనలేకపోయాను. మెషిన్ లైటు అటూ ఇటూ తిరుగుతోంది, నేను పేజీలు లెక్కపెడుతున్నా. పదో సెట్‌కి పిన్ను కొట్టి తలెత్తేసరికి ఆఖరి వికెట్ తీసి మన సిరాజ్ చేతులు చాపి పరిగెడుతున్నాడు. ఆ బంతి తర్వాత ఎన్నిసార్లు చూశానో. కానీ పడుతున్నప్పుడు చూడలేదు కదా, ఆ బాధ పోలేదు.

ఇంతకీ ఎక్కడ మొదలుపెట్టమంటారు? నేరుగా ఓవల్ ఆఖరి రోజు చూపిస్తే చాలా? మొదటి టెస్టు, అంటే లీడ్స్ నుంచి వరసగా రావాలా? వాడు కదలకుండా కూర్చునేది మహా అయితే రెండు గంటలు.

కొత్త బంతి:
ఓవల్ ఆఖరి రోజే పెట్టండి అన్నా. గంట కూడా పట్టదు, ఐపీఎల్ ఆఖరి ఓవర్ల కంటే టెన్షన్. ముందు రుచి తగలనివ్వండి, మిగతావి వాడే అడుగుతాడు.

ఆదివారం నెట్స్:
పైన తమ్ముడు చెప్పింది నేను ఒప్పుకోను. మాది హైదరాబాద్. ఆదివారాలు పొద్దున మా కాలనీ మైదానంలో పిల్లలకి బౌలింగ్ నేర్పుతాను. ఈ సిరీస్ వాళ్లకి ముక్కలు ముక్కలుగా చూపించాను కాబట్టి చెబుతున్నా. ముందు లార్డ్స్‌లో జరిగిన మూడో టెస్టు చూపించండి, అదీ ఐదో రోజు. గెలిచింది కాదు, ఓడింది ముందు చూడాలి.

రెండు జట్లూ మొదటి ఇన్నింగ్స్‌లో సరిగ్గా 387. మనకి లక్ష్యం 193. లంచ్‌కి 112కి 8. మన వైజాగ్ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 53 బంతులు కాచుకుని లంచ్ ముందు అవుటయ్యాడు. ఇక అయిపోయిందనుకున్నాం. అప్పుడు జడేజా, బుమ్రా. బుమ్రా 54 బంతులకి 5 పరుగులు. మీవాడు ఆ స్కోరు చూసి నవ్వుతాడు. నవ్వనివ్వండి, తర్వాత సిరాజ్ వస్తాడు. 30 బంతులు. ప్రతి బంతికీ ఒళ్లు బిగబట్టి ఆడాడు. ఇంకా 23 కావాలి. వాళ్ల స్పిన్నర్ బషీర్ వేలు విరిగినా బౌలింగ్‌కి వచ్చాడు. సిరాజ్ బంతిని బ్యాట్ మధ్యలోనే ఆడాడు. అది కింద పడి, మెల్లగా వెనక్కి దొర్లి, లెగ్ స్టంప్‌ని తాకింది. స్టంప్స్ మీద ఉండే పుల్ల, బెయిల్, ఒక్కటి పడింది. సిరాజ్ అక్కడే కూలబడ్డాడు. 22 పరుగులతో ఓడిపోయాం. అవతలి ఎండ్‌లో జడేజా 61 నాటౌట్.

దీని తర్వాత ఓవల్ నాలుగో రోజు పెట్టండి. ఇంగ్లండ్ బ్యాటర్ బ్రూక్ 19 మీద ఉన్నాడు. మన బౌలర్ ప్రసిధ్ బంతిని లాంగ్ లెగ్ వైపు లేపితే సిరాజ్ పట్టుకున్నాడు, అడుగు వెనక్కి పడి కాలు బౌండరీ తాడు మీద పెట్టాడు. ప్రసిధ్ అప్పటికే సంబరంలో ఉన్నాడు. సిరాజ్ మొహానికి చేతులు అడ్డం పెట్టుకున్నాడు. బ్రూక్ 111 కొట్టాడు. మర్నాడు పొద్దున బంతి చేతికి ఇచ్చింది ఆ మనిషికే. లార్డ్స్‌లో అతని మీద ఏం పడిందో, ఆ తాడు దగ్గర ఏం జరిగిందో తెలియకుండా ఓవల్ చూస్తే అది మంచి యార్కర్, అంతే.

ఇంకొక లెక్క. సిరాజ్ ఐదు టెస్టులూ ఆడాడు, 185.3 ఓవర్లు, 23 వికెట్లు. మొత్తం 1113 బంతులు. ఐపీఎల్‌లో బౌలర్‌కి మ్యాచ్‌కి మహా అయితే 24. అంటే నలభై ఆరు మ్యాచ్‌ల పని ఏడు వారాల్లోపు చేశాడు. మీవాడి చేతే భాగహారం చేయించండి. ఆఖరి రోజు 80 ఓవర్లు దాటాక కొత్త బంతి దొరుకుతుంది, అయినా మనవాళ్లు తీసుకోలేదు. పాతదే బాగా మెలికలు తిరుగుతోందని దాంతోనే ముగించారు. మా పిల్లలు దీని మీద అరగంట వాదించుకున్నారు.

ట్రెంట్ బ్రిడ్జ్ పక్క వీధి:
నేను నాటింగ్‌హామ్‌లో ఉంటాను, పుట్టిల్లు ప్రొద్దుటూరు. ఆ వేసవి అంటే మగవాళ్ల ఐదు టెస్టులేనా? జూన్ 28న ఇక్కడ ట్రెంట్ బ్రిడ్జ్‌లో అమ్మాయిల మొదటి టీ20. స్మృతి 112. మన కడప జిల్లా పిల్ల శ్రీచరణికి అదే తొలి టీ20, 12 పరుగులకి 4 వికెట్లు. నేనూ మా పాపా స్టాండ్‌లో ఉన్నాం. మూడో వికెట్ పడేసరికి నేను లేచి "మా కడపమ్మాయి" అని అరిచేశాను, ముందు వరసలో పెద్దాయన తిరిగి చూసి చప్పట్లు కొట్టాడు. సిరీస్ 3-2తో మనదే, ప్లేయర్ ఆఫ్ ద సిరీస్ కూడా చరణే. నవంబరులో ప్రపంచ కప్ గెలిచిన జట్టులోనూ ఉంది. ఎడమచేతి స్పిన్ ఎలా వేయాలో మీవాడు ఆ నాలుగు వికెట్లు చూసి నేర్చుకోవచ్చు.

మేలో ఇక్కడే జింబాబ్వే కూడా ఆడింది, ఇంగ్లండ్‌లో 22 ఏళ్ల తర్వాత టెస్టు. ఇన్నింగ్స్ తేడాతో ఓడారు కానీ బ్రయన్ బెనెట్ 139 కొట్టాడు. వాళ్ల అభిమానులు పాడుతూనే ఉన్నారు.

మాంచెస్టర్ మేఘం:
డ్రా అయితే ఎవరు గెలిచినట్టు అని అడిగాడు కదా మీ బాబు. జవాబు మాంచెస్టర్ ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఆడిన నాలుగో టెస్టులో ఉంది. 311 పరుగులు వెనకబడి రెండో ఇన్నింగ్స్ మొదలుపెట్టాం, మొదటి ఓవర్లోనే సున్నాకి 2. అక్కడి నుంచి రాహుల్, గిల్, తర్వాత జడేజా, సుందర్ 143 ఓవర్లు నిలబడ్డారు. 425కి 4. పాదం ఎముక విరిగిన పంత్ మొదటి ఇన్నింగ్స్‌లో కుంటుతూ వచ్చి ఆడింది కూడా ఇందులోనే. దయచేసి దీన్ని వదిలేయకండి.

తెనాలి జిరాక్స్:
అందరికీ ధన్యవాదాలు. ఆదివారం నెట్స్ అన్న చెప్పినట్టే లార్డ్స్‌తో మొదలుపెట్టాం. నిన్న సాయంత్రం అయింది. బుమ్రా స్కోరుకి నవ్వాడు, అన్న చెప్పినట్టే. సిరాజ్ వచ్చాక నవ్వలేదు, దిండు ఒళ్లో పెట్టుకుని ముందుకి జరిగాడు. బంతి దొర్లుతుంటే దిండు విసిరేసి లేచి కుడికాలు ఝాడించాడు. "కాలితో తన్నొచ్చు కదా నాన్నా, అవుట్ ఇస్తారా?" అన్నాడు. వికెట్ కాపాడుకోవడానికి తన్నొచ్చు, చేత్తో మాత్రం తాకకూడదని చెప్పా. మరి ఎందుకు తన్నలేదు అన్నాడు. కనబడలేదేమో నాన్నా అన్నా.

ఇవాళ పొద్దున సందులో వాడూ పక్కింటి కుర్రాడూ టెన్నిస్ బాల్‌తో అదే పని. ఒకడు డిఫెన్స్ ఆడటం, వెనక్కి దొర్లిన బంతిని స్టంప్స్ ముందే కాలితో ఆపడం. స్టంప్స్ అంటే మా షాపు ఖాళీ పేపర్ డబ్బా.

రేపు మాంచెస్టర్, ఎల్లుండి ఓవల్ నాలుగో రోజు. ఆఖరి రోజుకి మధ్యాహ్నం మూడున్నర నుంచి షట్టరు సగం దించేస్తున్నా.