గ్లాసు అడుగున నంబరు చూడకుండా ఏ బీరో చెప్పగలరా?

తోటబావి:
పోయిన ఆదివారం చిత్తూరు పక్కన మా వాళ్ళ మామిడితోటలో ఐదుగురం కూర్చున్నాం. ఒకడు కొండకు మొక్కుకుని మందు మానేశాడు, కాబట్టి పోసేదీ వాడే, తర్వాత బండి నడిపేదీ వాడే. ఎప్పుడూ ఉండే గొడవే మళ్ళీ మొదలైంది. స్ట్రాంగ్ ఒక్కటే బీరు, మిగతాదంతా సోడా అని ఒకడు, గోధుమ బీరు ముందు మీవన్నీ దండగ అని ఇంకొకడు. 2024 అక్టోబరులో ప్రైవేట్ షాపులు మళ్ళీ వచ్చాక అలమార నిండా రకాలు కనబడుతున్నాయి కదా, ఈ గొడవ ఇంకా ముదిరింది. సరే తేల్చేద్దామని సీసాలు షెడ్డు వెనక పెట్టించి, స్టీలు గ్లాసుల్లో పోయించి, అడుగున నంబర్లు రాయించాం. కింగ్‌ఫిషర్ ప్రీమియం, కింగ్‌ఫిషర్ స్ట్రాంగ్, బడ్‌వైజర్, హోగార్డెన్.

హోగార్డెన్‌ను నలుగురమూ పట్టేశాం. మిగతా మూడింటికి నలుగురం కలిపి 12 సార్లు చెబితే 4 కరెక్టు. చీటీలు వేసుకున్నా అన్ని వస్తాయి! స్ట్రాంగ్ తప్ప ముట్టనన్నోడు ప్రీమియం గ్లాసు ఎత్తి "కిక్కంటే ఇదిరా" అన్నాడు. మనం తాగేది లేబుల్‌నే అని నా వాదన. కాదంటే చెప్పండి.

పలమనేరు_స్ట్రాంగ్:
ఆ అన్నోడు నేనే. ఊరంతా చెప్పేసినావు, సంతోషం. మొదటి గుటకకే ఎవడికి తెలుస్తుంది సామీ? ఆల్కహాల్ 5 శాతం దాటితే స్ట్రాంగ్, 8 దాకా ఉంటుంది, ఆ తేడా నాలుకకు కాదు తలకు తెలియాలి, దానికి రెండో గ్లాసు దాకా ఆగాలి. పొద్దంతా కాయ కోయించి, లారీకి ఎత్తించి వచ్చినోడు పెట్టిన డబ్బుకు ఏది ఎక్కుతుందో చూసుకుంటాడు. కమలాతొక్క వాసన కావాలంటే కమలాపండే తింటా.

కొర్లగుంట_కుర్రోడు:
అన్నా, గ్లిజరిన్ తీశారా? సీసాను నీళ్ళ గ్లాసులో బోర్లిస్తే చిక్కగా కిందికి దిగుతుంది చూడండి, అది పోతేనే అసలు రుచి.

బెంగళూరు_బస్సు:
మళ్ళీ గ్లిజరినా! తమ్ముడూ, ఆ దిగేది బీరే. అందులో కరిగిన పదార్థాల వల్ల నీళ్ళకన్నా కాస్త బరువు, అందుకే తీగలా కిందికి జారుతుంది. పులిసేటప్పుడు ఈస్ట్ వల్ల కొంచెం గ్లిజరిన్ పుట్టే మాట నిజమే కానీ అది బీరంతా కలిసిపోయి ఉంటుంది, సీసా బోర్లిస్తే విడిగా బయటికి రాదు. నువ్వు పారబోసుకున్నది నీ డబ్బు.

ఇక తోటబావి అన్నకు. మీరు పెట్టిన మూడూ ఒకే కుదురువి, 1842లో చెక్ దేశపు పిల్జెన్ ఊళ్ళో మొదలైన లేత బంగారు రంగు లాగర్ రకం బీరు సంతతి. అన్నదమ్ములను చీకట్లో నిలబెట్టి పోల్చుకోమంటే ఎలా? హోగార్డెన్ దొరికిపోయిందంటే అందులో గోధుమ, ధనియాలు, కమలాతొక్క ఉన్నాయి, అది వేరే ఇంటి పిల్ల. పైగా మీరు ఐస్‌లో ఎంతసేపు పెట్టారు? బాగా చల్లబడితే వాసన పైకి లేవదు, నాలుక మొద్దుబారుతుంది. అంచుదాకా పోస్తే ముక్కుకు చోటే ఉండదు. కారం చల్లిన మామిడి ముక్కలు కూడా నంజుకునే ఉంటారు, చిత్తూరోళ్ళు కదా! లేబుల్‌ను తాగుతున్నాం అనేది సగమే నిజం. మిగతా సగం, మీరు చల్లదనాన్ని తాగారు.

కొర్లగుంట_కుర్రోడు:
గ్లిజరిన్ సంగతి మా అన్న ఒప్పుకోడు, అది వదిలేయండి. పచ్చ సీసా బీరు ఒకసారి తాగితే ఏదో కంపు కొట్టింది, అది కూడా చల్లదనమేనా?

బెంగళూరు_బస్సు:
అది వెలుతురు. బీరులో వేసే హాప్స్ అనే పూలలో చేదునిచ్చే పదార్థం ఎండ, ట్యూబ్‌లైటు తగిలితే పాడై ఆ కంపు పుడుతుంది. గోధుమరంగు సీసా వెలుతురును బాగా ఆపుతుంది, పచ్చది అంతగా ఆపదు, క్యాన్‌లోకి అసలు వెళ్ళదు. ఎండ పడే అరలో ఉన్న సీసా తీసుకోవద్దు, అంతే.

తోటబావి:
ఈ ఆదివారం మళ్ళీ పెట్టాం. లాగర్లు మూడే. ఐస్‌లోంచి తీసి పావుగంట ఆగాం, గాజు గ్లాసులు, సగమే పోశాం, మామిడి ముక్కలు దూరం పెట్టి ఉడకబెట్టిన చెనిక్కాయలతో సరిపెట్టుకున్నాం. 12కు 9. మొదటి గుటకకే తెలియదన్న పలమనేరాయన స్ట్రాంగ్‌ను మొదటి గుటకకే పట్టాడు, చివర్లో తీపి, గొంతులో వెచ్చన. నా మాట సగం వెనక్కి తీసుకుంటున్నా.

అసలు విషయం వేరే ఉంది. ఈసారి పోసింది మా బావమరిది, తాగలేదు, బండి కూడా వాడిదే. మొక్కుకున్నోడు ఊరికే కూర్చోలేక ఒక్కో గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, చుక్క తాగకుండా మూడూ కరెక్టుగా చెప్పాడు.

పలమనేరు_స్ట్రాంగ్:
చెప్పాడు, నిజమే. గెలిచినోడికి కోడి అని పందెం కాసి, ఇప్పుడు ఇవ్వమంటే మీరు నోరెత్తడం లేదు. వాసన చూస్తే మొక్కు తప్పినట్టా కాదా, ముందు అది తేల్చండి.