సమస్య: “రాజు గానట్టివాడెపో రాజ్యమేలె”

నిర్వాహకుడు:
ఈసారి తేటగీతి. ‘క్షత్రప’ బిరుదు మీద పూరించండి. పాత పారసీకంలో ‘ఖ్షస్సపావన్’ అంటే రాజ్యాన్ని కాపాడేవాడు, చక్రవర్తి ఒక్కో రాష్ట్రానికి పంపే అధికారి. గ్రీకులు ‘సత్రపేస్’ అన్నారు, ఇంగ్లీషులో శాట్రప్ అయింది. మొదటి ముక్క మన ‘క్షత్ర’కు చుట్టమే. అందుకే వినగానే సంస్కృతం అనుకుంటాం.

గట్టుమీద:
పారసీకపు సామ్రాట్టు పనుప వచ్చి
సీమ పన్నులు గొని సేన చేత బట్టి
క్షత్రపుండను బిరుదుతో గట్టిగాను
రాజు గానట్టివాడెపో రాజ్యమేలె

పద్యప్రియ:
గట్టుమీద గారూ, నడక బాగుంది. ‘గట్టిగాను’ మాత్రం యతి కోసం వచ్చి కూర్చుంది. ‘గద్దెనెక్కి’ అంటే అర్థమూ దక్కుతుంది. ‘సేన చేత బట్టి’కి సాక్ష్యం ఉంది: ఇరాన్‌లోని బిసుతూన్ శాసనంలో పారసీక చక్రవర్తి డరియస్ ఆజ్ఞ మీద బాక్ట్రియా రాష్ట్రపు క్షత్రపుడు దాదర్శి పక్కనున్న మర్గియానా సీమ తిరుగుబాటును అణిచాడు.

మంజీర:
అతడు నహపాను డా క్షత్రపాధిపుండు
వెండి నాణెమ్ముపై మోము వెలయజేసి
మూడు లిపులందు తనపేరు ముద్రకొట్టి
రాజు గానట్టివాడెపో రాజ్యమేలె

నాణేలపిచ్చి:
పద్యం హాయిగా ఉందండీ, చిక్కల్లా ఆ నాణెంతోనే. నహపానుడు ఈ బిరుదుతోనే పశ్చిమ భారతాన్ని ఏలిన శక ప్రభువు. దాని మీద పేరుకు ముందు ‘రాజు’ అనే ఉంది! నాసిక్ గుహలో అల్లుడు ఉషవదాతుడి శాసనమైతే రాజు, క్షత్రపుడు రెండూ అంటుంది. తర్వాత అతణ్ణి ఓడించిన శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి ఆ నాణేల మీదే తన ముద్ర కొట్టించాడు. 1906లో నాసిక్ దగ్గరి జోగల్‌తెంబిలో దొరికిన 13 వేల పైచిలుకు నాణేల్లో అలాంటివే ఎక్కువ.

మంజీర:
అయితే నాణెం పాదాలు తీసేయమంటారా?

పద్యప్రియ:
ఎందుకండీ, సమస్యనే విరిచేద్దాం.

నేల కాపరి యను పేరు నెగడి నెగడి
రుద్రదాముని బిరుదయ్యె; రొమ్ము విరిచి
తాను గెలిచిన పదవిగా దాని జెప్పె
రాజు గానట్టివాడె? పో! రాజ్యమేలె

రుద్రదాముడు నహపానుడి తర్వాత పశ్చిమ భారతాన్ని ఏలిన మరో శక క్షత్రపుడు. క్రీ.శ. 150 నాటి జునాగఢ్ (గుజరాత్) శాసనంలో మహాక్షత్రప నామాన్ని స్వయంగా సంపాదించుకున్నానంటాడు. తన పైన ఉన్న చక్రవర్తి ఊసే లేదు. శాతకర్ణిని రెండుసార్లు గెలిచి, దగ్గర చుట్టమని వదిలేశానని కూడా చెప్పుకున్నాడు.

నాణేలపిచ్చి:
ఆయన వంశం నాణేల మీద కూడా ‘రాజు’, ‘మహాక్షత్రపుడు’ పక్కపక్కనే ఉంటాయి. ఈ పూరణకు నా అభ్యంతరం లేదు.

నిర్వాహకుడు:
‘పో’ను కసురుగా మార్చేశారు! ఈ వారం మేలైన పూరణ ఇదే. రెండో ‘నెగడి’ మాత్రం పాదం నింపడానికే వచ్చింది, పద్యప్రియ గారూ.