‘ఈట్ బులగా’ ఎవరిది? పేరు పెట్టినవాళ్లదా, డబ్బు పెట్టినవాళ్లదా?

లంచ్‌బ్రేక్_బాబాయ్:
తెలియనివాళ్ల కోసం ముందు నాలుగు ముక్కలు. ‘ఈట్ బులగా’ ఫిలిప్పీన్స్‌లో మధ్యాహ్నం భోజనాల వేళకి వచ్చే వెరైటీ షో. పాటలు, కామెడీ, ప్రైజులు, అన్నీ లైవ్. 1979 జూలై 30న మొదలైంది. టిటో సొత్తో, ఆయన తమ్ముడు విక్ సొత్తో, వాళ్ల స్నేహితుడు జోయ్ డి లియోన్ మొదటి రోజు నుంచీ యాంకర్లు. ముగ్గురినీ కలిపి టీవీజే అంటారు. 2023 మే 31న వీళ్లు నిర్మాణ సంస్థ టేప్‌తో తెగతెంపులు చేసుకున్నారు. తర్వాత పేరు కోసం పోరాడి గెలిచారు.

టేప్‌కి అన్యాయం జరిగిందని నా వాదన. ఆర్పీఎన్-9 ఛానెల్‌లో మొదలైన షో 1989లో ఏబీఎస్-సీబీఎన్ ఛానెల్‌కి, 1995లో జీఎంఏ ఛానెల్‌కి మారింది. 1994 చివర్లో హక్కులు మాకు అమ్మేయండని ఏబీఎస్-సీబీఎన్ అడిగితే టేప్ ఒప్పుకోలేదు. ఆ రోజు అమ్మేసి ఉంటే ఇవాళ కొట్టుకోవడానికి ఏం మిగిలేది? జీతాలు, సెట్లు, ప్రైజ్ మనీ ఇన్నేళ్లు భరించినవాడికి ఆఖరికి పేరు మీద కూడా హక్కు లేదంటే ఎలా?

లా_పాయింట్:
బాబాయ్ గారూ, తేదీలు చూడండి. పేరు 1979 నాటిది. టేప్ కంపెనీ పుట్టింది 1981లో. మొదట్లో షో తీసింది ప్రొడక్షన్ స్పెషలిస్ట్స్ అనే వేరే సంస్థ. ఆ పేరు ఎలా పుట్టిందో జోయ్ చెప్పగలిగాడు, టేప్ చెప్పలేకపోయింది. అందుకే అక్కడి మేధో సంపత్తి కార్యాలయం 2023 డిసెంబర్‌లో టేప్ ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రేషన్ రద్దు చేసింది. అదే నెలలో మరికినా కోర్టు కాపీరైట్ కేసులోనూ టీవీజే వైపే తీర్పిచ్చింది. రెండు చోట్ల విడివిడిగా ఓడిపోయిన కంపెనీని పట్టుకుని అన్యాయం అంటే ఎలాగండీ? ఖర్చు పెట్టినందుకు ఇన్నేళ్లు యాడ్స్ మీద సంపాదించుకుంది కదా.

గుంటూరు_మిర్చి:
నేను బాబాయ్ పార్టీ. 2019లో నాగబాబు గారు జబర్దస్త్ వదిలేసి జీ తెలుగులో ‘అదిరింది’కి వెళ్లారు. జబర్దస్త్ ఆగిందా? మనుషులు మారతారు, షో నడుస్తుంది.

లా_పాయింట్:
పోలిక కుదరదు బ్రో. ఆయన జడ్జిగా వచ్చారు, జడ్జిగా వెళ్లారు. ఆ పేరు నాదని అక్కడ ఎవరూ అనలేదు.

గుంటూరు_మిర్చి:
సరే, ఇంకో మాట. టిటో మామూలు యాంకరా? సెనేట్ ప్రెసిడెంట్‌గా చేసినవాడు. ఆ పలుకుబడి పనిచేయలేదంటారా?

లా_పాయింట్:
టేప్‌లో మెజారిటీ వాటా ఉన్న హలోస్‌హోస్ కుటుంబం ఏమన్నా సన్యాసులా? వాళ్లదీ రాజకీయ కుటుంబమే. పలుకుబడి రెండు వైపులా ఉంది, దాన్ని పక్కన పెట్టేయండి.

దావావ్_ఎంబీబీఎస్:
నేను మెడిసిన్ చదివింది ఫిలిప్పీన్స్‌లోని దావావ్‌లో. మేం అద్దెకున్న ఇంటి ఆంటీ మధ్యాహ్నం ఈ షో పెట్టిందంటే రిమోట్ ముట్టుకోనిచ్చేది కాదు. మీరిద్దరూ కాగితాల మీద కొట్టుకుంటున్నారు కానీ, 2015 సంగతి ఎవరూ ఎత్తలేదేం?

ఆ జూలైలో మెయిన్ మెండోజా అనే కొత్తమ్మాయి పనిమనిషి వేషంలో, మాట్లాడకుండా రికార్డు గొంతులకి పెదాలు కదుపుతూ నవ్వించేది. ఒకరోజు స్క్రీన్ రెండో సగంలో ఆల్డెన్ రిచర్డ్స్ కనపడగానే సిగ్గుపడిపోయింది. అనుకోకుండా జరిగిన ఆ సిగ్గుని పట్టుకుని టీమ్ ఏకంగా ఒక లైవ్ సీరియల్ అల్లేసింది. ఇద్దరూ కలవకూడదు, చెరో సగంలో ఉండి చూసుకోవాలి, అంతే. ముసలమ్మ వేషంలో వాలీ బయోలా అడ్డుపడుతూ ఉండేవాడు. అక్టోబర్ 24న ఫిలిప్పీన్ అరీనాలో స్పెషల్ పెడితే ఒక్క రోజులో 4 కోట్ల పైచిలుకు ట్వీట్లు! ఇదంతా 36 ఏళ్ల వయసున్న షోలో. టీవీజే పేరు పెట్టారు, నిజమే. కానీ ఆ ఏడాది జనాన్ని కూర్చోబెట్టింది వాళ్లు ముగ్గురే కాదు.

లంచ్‌బ్రేక్_బాబాయ్:
నేననేది కూడా అదే అమ్మా! ఆ రైటర్లు, కెమెరావాళ్లు, కొత్త నటులు, వీళ్లందరినీ పోషించింది ఎవరు?

దావావ్_ఎంబీబీఎస్:
మరి 2023లో మెయిన్, వాలీ, జోసే మనాలో, పావ్‌లో బాలెస్టెరోస్ ఎవరి వెంట వెళ్లారు బాబాయ్? జూలై 1న టీవీ5లో టీవీజే పక్కనే నిలబడ్డారు. టేప్ అంతకుముందే, జూన్ 5న, అదే పేరు, అదే ఛానెల్, అదే టైమ్‌కి కొత్త యాంకర్లని దింపింది. మనుషులు తప్ప అన్నీ దాని దగ్గరే ఉన్నాయి. 2024 జనవరిలో పేరు కూడా పోతే ‘తహానాంగ్ పినాకమసాయా’ అని మార్చుకుంది. మార్చి 2తో అదీ ఆగిపోయింది.

లంచ్‌బ్రేక్_బాబాయ్:
నెలల లెక్కన తీర్పు చెప్పేస్తే కుదరదు. 1979లో ‘ఈట్ బులగా’ కూడా మొదట జీఎంఏలో వచ్చే ‘స్టూడెంట్ క్యాంటీన్’ ముందు నిలబడలేక నానా తంటాలూ పడింది. అప్పుడు ఎవరో ఒకరు నష్టం భరించి ఓపిక పట్టారు కాబట్టే బతికింది. కొత్తవాళ్లకి ఆ ఓపిక ఎవరు చూపించారు? పైగా కేసుల టెన్షన్‌లో కామెడీ చేయమంటే ఎవడు చేస్తాడు? ఆ యాంకర్ల మీద నాకు జాలి.

లా_పాయింట్:
జాలి నాకూ ఉంది. కానీ ఆ పరిస్థితి తెచ్చుకున్నది టేప్. మే 31న ముగ్గురూ లైవ్ చేద్దామని వస్తే కొత్త యాజమాన్యం చేయనివ్వలేదు, పాత ఎపిసోడ్ వేసింది. దాంతో వాళ్లు ఆన్‌లైన్‌లో వీడ్కోలు చెప్పాల్సి వచ్చింది. అన్నేళ్ల తర్వాత కనీసం చివరి ఎపిసోడ్ చేసుకోనిచ్చి ఉంటే జనం అంత కోపం తెచ్చుకునేవాళ్లు కాదు.

గుంటూరు_మిర్చి:
ఇంత గొడవలో లాభపడింది జీఎంఏ. ఎవరి పక్షానా తలకాయ పెట్టకుండా తప్పించుకుంది.

దావావ్_ఎంబీబీఎస్:
తన దగ్గర 28 ఏళ్లు నడిచిన షో చేజారింది. 2024 ఏప్రిల్ 6న ఆ స్లాట్‌లోకి వచ్చింది ‘ఇట్స్ షోటైమ్’. ఏబీఎస్-సీబీఎన్ వాళ్ల షో అది, ఏళ్ల తరబడి ‘ఈట్ బులగా’కి పోటీ. దీన్ని లాభం అంటావా అన్నా?