అప్‌డేట్: ఈసారి సాంబారు పొడి చేదెక్కలేదు

ఇంట్లో చేసే సాంబారు పొడి చేదుగా వస్తోందని, ప్యాకెట్లు కొనడం మానలేకపోతున్నానని పోయిన నెల అడిగాను కదా. తప్పు మెంతుల దగ్గరే జరిగింది. అన్నీ ఒకే మూకుడులో కలిపి వేయించేదాన్ని. ధనియాలు వేగేలోపు మెంతులు నల్లబడిపోయేవి. మీరు చెప్పినట్టే విడివిడిగా, సన్నమంట మీద వేయించాను. కప్పు ధనియాలకు అర చెంచా మెంతులే, అవీ ఎర్రబడగానే దింపేశాను. శనగపప్పు, కందిపప్పు 2 చెంచాల చొప్పున, కొంచెం జీలకర్ర, ఎండుమిర్చి 12. రంగుకి సగం బ్యాడిగి, కారానికి సగం గుంటూరువి. పూర్తిగా చల్లారాకే మిక్సీ పట్టాను. వేడిమీద పడితే చెమ్మ చేరి ఉండలు కడుతుందని చెప్పినవాళ్లకు చాలా థ్యాంక్స్. ఇంగువ మాత్రం కలపలేదు, అది పోపులోనే బాగుంటుంది. సరుకులు విడిగా తూకానికి కొన్నాను కాబట్టి ఖర్చు ప్యాకెట్ ధరలో సగం కూడా కాలేదు. నిన్న అత్తయ్యగారు సాంబారు రెండోసారి అడిగి వేయించుకున్నారు!