గుంత నిండిపోతుందన్న భయం ఎలా పోగొట్టాలి?

మా ఊళ్లో 64 ఇళ్లకు జంట గుంతల మరుగుదొడ్లు ఉన్నాయి. ఆడవాళ్లు వాడుతున్నారు. పెద్ద వయసు మగవాళ్లు మాత్రం తెల్లవారుజామున 5 గంటలకే చెరువు గట్టుకు వెళ్తున్నారు. అడిగితే ఒకటే మాట: "రెండు నెలల్లో నిండిపోతే ఎవరు తీస్తారు?"

నాలుగు నెలలుగా చెప్పి చూస్తున్నాం. సమావేశాలు పెట్టాం, గోడల మీద బొమ్మలు వేయించాం. పొద్దున్నే ఈలలు వేసి ఆపడం 10 రోజులు చేశాం. మనుషుల్ని అవమానించినట్టే అనిపించి మానేశాం. నీళ్లు మట్టిలోకి ఇంకిపోతాయని, నిండిన గుంతను మూసి రెండోది వాడుకోవచ్చని, రెండేళ్లు కదపకుండా ఉంచితే లోపలిది వాసన లేని ఎరువవుతుందని వివరించాం. తలూపారు. మర్నాడు మళ్లీ గట్టు మీదే.

ఒక ఇంట్లో గొట్టం రెండుగా చీలే తొట్టె మూత తీస్తే రెండు దారులూ తెరిచే ఉన్నాయి, రెండు గుంతలూ ఒకేసారి నిండుతున్నాయి. అంటే వాళ్ల భయం పూర్తిగా ఉత్తది కాదు. ఒక దారిని ఇటుక, బంకమట్టితో మూయించాం. మిగతా ఇళ్లవీ చూస్తున్నాం.

మా దగ్గర ఇంకా ఏ గుంతా ఎరువు కాలేదు, తీసి చూపించడానికి ఏమీ లేదు. ఇలాంటప్పుడు పెద్దవాళ్లకు నమ్మకం కుదరడానికి మీ ఊళ్లో ఏది పనిచేసింది?